కోటేశ్వరి గారి ఇల్లు

20 జనవరి 2008

విత్తనాల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ కింద పత్తి గింజల ప్రకటన ఉంది. పైన మిగిలిన జాగా నాకు చాలు.

ఈ రోజు నుంచి నేను కూడా వ్యాపారంలో మనిషినట. ఈయన అన్నారు. షానవాజ్ బిల్డర్స్ అని బోర్డు రాయించి ఏడాదైంది. చిలకలూరిపేటలో కట్టినవి రెండే ఇళ్ళు, అవి కూడా మామయ్య మొహం చూసి ఇచ్చినవి. అలీ సాహెబ్ మేస్త్రి అంటే పేటలో తెలియనివాళ్ళు లేరు. మోకాళ్ళు పట్టేసి ఆయన తాపీ పక్కన పెట్టాక కొడుకుని పిలిచి పని ఇచ్చేవాళ్ళు తగ్గారు.

గుంటూరులో ఎవరో బిల్డరు ఆర్కుట్‌లో ఇళ్ళ ఫోటోలు పెడితే జనం ఎగబడుతున్నారని ఈయన ఎక్కడో విన్నారు. పాత కంప్యూటర్ ఒకటి వచ్చింది, ఫోను లైనుకి ఇంటర్నెట్ వచ్చింది. బీకాంలో కంప్యూటర్ నేర్చుకున్నది ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి కుర్చీ నాదైంది. "ఇంట్లో కూర్చుని ఇళ్ళు అమ్ముదువుగానిలే" అన్నారు. మేముండేది రెండు గదుల అద్దె కొంప. వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. ఎవరితో చెప్పినా నవ్వుతారు.

27 జనవరి

'మన నేల మన ఇల్లు' అని కమ్యూనిటీ తెరిచాను. రెండిళ్ళ ఫోటోలూ పెట్టాను. చేరినవాళ్ళు ఏడుగురు. అందులో ముగ్గురు నజ్మీన్ అన్న పేరు చూసి, ఫ్రెండ్‌షిప్ చేస్తారా అని అడగడానికి చేరినవాళ్ళే.

2 ఫిబ్రవరి

తొమ్మిదిమంది.

5 ఫిబ్రవరి

"మనల్ని మనం పొగుడుకుంటే ఎవడు నమ్ముతాడు? ఇల్లు కట్టించుకున్న ఆడమనిషి ఎవరన్నా మెచ్చుకుంటే ఆ లెక్కే వేరు" అన్నారు ఈయన. ఆ రెండిళ్ళ ఆడవాళ్ళూ కంప్యూటర్ మొహం చూసినవాళ్ళు కాదు. "అయితే నువ్వే ఒకామెని పుట్టించు."

పుట్టించాను. పేరు కోటేశ్వరి. కోటప్పకొండ మొక్కుతో ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల వీధికి నలుగురుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. భర్తకి ఎరువుల కొట్టు, ఇద్దరు పిల్లలు. ఫోటో బదులు ముగ్గు బొమ్మ పెట్టాను. తర్వాత ఆమె వంటింటి గురించి రాశాను. తూర్పున పెద్ద కిటికీ. నిలబడి కూరగాయలు తరుక్కునే గట్టు. కారం జాడీలకి వేరే అర. వెనక గుమ్మంలో గిన్నెలు తోముకోవడానికి ఎండ తగిలే చప్టా. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు, చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.

"నీ నోట్లో ఇంత సరుకుందని తెలిస్తే పెళ్ళిచూపుల్లోనే పారిపోయేవాణ్ణి" అన్నారు ఈయన. ఇద్దరం నవ్వుకున్నాం.

19 ఫిబ్రవరి

కోటేశ్వరికి మెసేజ్ వచ్చింది. పర్చూరు నుంచి శేషారత్నం అని, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం బడి వదిలాక అక్కడి కంప్యూటర్ గదిలో కూర్చుని రాస్తుందట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"మీ వంటింటి గురించి రెండుసార్లు చదివానండి. మిమ్మల్ని అక్కా అనొచ్చా?"

అనొచ్చన్నాను.

11 మార్చి

రోజూ రాస్తోంది. భర్త వెంకటనారాయణ మిరప రైతు. అత్తగారి పేరు గురవమ్మ. పెళ్ళై ఎనిమిదేళ్ళైనా పిల్లల్లేరు. అందుకని ఆ ఇంట్లో ఆమె మాటకి విలువ లేదు. "కూరలో ఉప్పు సరిపోయిందా అని తప్ప నన్నెవరూ ఏదీ అడగరక్కా." స్థలం ఉంది, ఈ ఎండాకాలం ఇల్లు మొదలుపెట్టాలని ఉందట.

భోజనాల దగ్గర ఈయనకి చదివి వినిపించాను. "పార్టీ పడేట్టుంది, వదలమాక" అన్నారు.

రోజూ చదివి వినిపిస్తున్నాను. వ్యాపారం కదా, ఆయనకి తెలియాలి.

24 మార్చి

"మా అత్తయ్య ఒకటే మాట పట్టుకుని కూర్చుందక్కా. మాది నల్లరేగడి. పునాదికి తవ్విన నల్లమట్టినే మళ్ళీ గదుల కింద పోస్తే ఇల్లు నిలవదంటుంది. మీ ఇంటికి ఏం పోశారు?"

ఇది మామయ్య మాటే. నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. దాన్ని బయట పారేసి, ఇసుక తెచ్చి పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించి, అప్పుడు గచ్చు వెయ్యాలి. మేం కట్టిన రెండో ఇంటికి ఈయన ఆ పని చెయ్యలేదు. తవ్విన మట్టే పోయించారు. ఆ సంగతి తెలిసి మామయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. బతిమాలి తినిపించింది నేనే.

"ఇసుకే అని రాయి" అన్నారు ఈయన.

రాశాను. "మా ఇంటికి నడుం లోతున ఇసుక పోశారు, నేను దగ్గరుండి చూశాను" అని. దగ్గరుండి చూశాను అన్నది ఈయన చెప్పలేదు. నేనే కలిపాను.

ఈసారి ఎలాగూ ఇసుకే పోయిస్తారు. పోయిస్తే నేను రాసింది పెద్ద తప్పేం కాదు.

2 ఏప్రిల్

పని మనకే ఇచ్చారు. గురవమ్మ వాళ్ళ ఊరి మేస్త్రితో మాట్లాడి పెట్టిందట. శేషారత్నం ఒప్పుకోలేదట. "మీరు చెప్పిన ఇసుక సంగతి చెప్పి నిలబడ్డానక్కా. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా మాట నెగ్గింది. ఆయన నా వైపు మాట్లాడారు. ఇంక ఈ ఇల్లు బాగుంటే చాలు, నేనూ మనిషినే ఆ ఇంట్లో."

చదివి సంతోషించాను. నిజంగానే సంతోషించాను.

18 ఏప్రిల్

పర్చూరులో శంకుస్థాపన. ఈయన కొత్త చొక్కా వేసుకుని వెళ్ళారు.

9 మే

మామయ్య మోకాళ్ళ నొప్పితోనే బస్సెక్కి పర్చూరు వెళ్ళి చూసొచ్చారు. వస్తూనే గుమ్మంలో మొదలుపెట్టారు.

"ఒరే షానూ, మళ్ళీ ఆ నల్లమట్టేనంట్రా పోసింది? ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు?"

"ఇసుక దొరకట్లా నాన్నా. బాగా తడిపి దిమ్మిస కొట్టించా. కాలితో తన్నినా చెక్కు చెదరట్లా."

"ఎండాకాలం అన్నీ గట్టిగానే ఉంటాయిరా. వానొచ్చాక మాట్లాడు."

నేను టీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

10 మే

ఇసుక నిజంగానే దొరకట్లేదట. ఈయన మళ్ళీ చెప్పారు.

12 మే

ఎదురింటి వాళ్ళకి రెండు లారీల ఇసుక దిగింది.

17 జూన్

బళ్ళు తెరిచారు. నెలన్నర తర్వాత శేషారత్నం మళ్ళీ వచ్చింది. ఈ రోజు రాసింది ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

"మూడేళ్ళ కింద గుంటూరులో పరీక్షలు చేయించుకున్నామక్కా. లోపం నాలో లేదు. ఆయనలో ఉంది. డాక్టరుగారు కాగితం నా చేతికిచ్చి చెప్పారు, ఆయన అప్పుడు బయట ఉన్నారు. ఇద్దరం బాగానే ఉన్నామన్నారని చెప్పి కాగితం దాచేశాను. ఆయన తట్టుకోలేరు. గొడ్రాలన్న మాట నేనే పడుతున్నాను. ఈ సంగతి మా అమ్మక్కూడా తెలీదు. మీకు చెప్పాక గుండె తేలికైంది."

కోటేశ్వరి అనే మనిషి ఉంటే ఏం చేసేది? కళ్ళు తుడుచుకుని ఆ మాట కడుపులో పెట్టుకునేది.

నేను భోజనాల దగ్గర చదివి వినిపించాను. అలవాటైపోయింది. ఈయన ముద్ద నోటి దగ్గర ఆపి, "ఎవరూ, ఆ మీసాలాయనా!" అని నవ్వారు.

ఆయన నవ్వితే నేను కూడా కొంచెం నవ్వాను. ఈ ముక్క రాయకుండా ఉందామనుకున్నాను.

21 ఆగస్టు

పర్చూరులో గృహప్రవేశం. కోటేశ్వరిని రమ్మని శేషారత్నం వారం నుంచి బతిమాలుతోంది. పిల్లాడికి జ్వరమని రాశాను. లేని పిల్లాడికి జ్వరం. "బాబుకి ఎలా ఉంది?" అని సాయంత్రం పండగ ఇంట్లోంచి ఎవరి ఫోనులోనో నెట్ పెట్టించుకుని మరీ అడిగింది.

తగ్గిందని రాశాను.

15 సెప్టెంబరు

"కొత్తింట్లో పడగ్గది తలుపు పట్టేస్తోందక్కా. మీకూ ఇలాగే ఉందా?"

వానాకాలం చెక్క ఉబ్బుతుంది, మామూలేనని రాశాను.

రంజాన్ నెల. నేను రోజా ఉన్నాను. అబద్ధం ఆడితే రోజా పాడవుతుందని చిన్నప్పుడు మా నాన్నమ్మ చెప్పేది. నోటితో ఆడలేదు కదా, చేత్తో టైపు చేశాను అనుకున్నాను. ఇలాంటి తెలివితేటలకి నాకు లోటు లేదు. సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు మామయ్య ఎప్పట్లాగే మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టారు. ఆయన మొహంలోకి చూడలేక సిగ్గుతో తల దించుకుని తిన్నాను.

10 అక్టోబరు

"హాల్లో నాపబండలు మధ్యలో లేచాయక్కా. మా అత్తయ్య కాలు తగిలి పడబోయింది. నన్ను చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది."

ఏం రాయాలని అడిగితే, "ఒక ఎండాకాలం పోతే సర్దుకుంటదని రాయి" అన్నారు ఈయన.

రాశాను.

4 నవంబరు

"గోడ మీద మూల నుంచి మూలకి గీత పడింది. వేలు దూరుతోంది. ఒక్క మాట చెప్పండక్కా. మీ ఇంట్లో ఒక్క పగులైనా ఉందా? ఉందంటే చాలు. ఇళ్ళన్నాక అందరికీ వస్తాయిలే అని మా అత్తయ్యతో చెప్పుకుంటాను."

ఉందంటే షానవాజ్ బిల్డర్స్ పేరు పోతుంది. లేదంటే ఈమె పోతుంది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఏమీ రాయలేదు.

17 నవంబరు

మూడు రోజులుగా తుపాను వాన. పొద్దున్నే వెంకటనారాయణ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, గొడుగు కూడా లేకుండా. నిన్న గురవమ్మ స్నానాలగదిలో ఉండగా తలుపు పట్టేసింది. గంటన్నర ముసలామె లోపలే అరుస్తూ ఉండిపోయింది. గొడ్డలితో తలుపు కొట్టి తీసేసరికి గచ్చు మీద పడి ఉంది. బతికింది. చెయ్యి విరిగింది.

"ఏమయ్యా షానవాజూ! మా అమ్మ పోయుంటే ఏం చేసేవాడివి? మా ఆవిడ ఎవరో కోటేశ్వరి అంది, ఇసుక అంది, ఆమె మాట నమ్మి నీకిచ్చా. ఇవాళ మా ఇంట్లో నా పెళ్ళాం మొహం చూసేవాళ్ళు లేరు!"

ఈయన ఏదో సర్ది చెప్పి పంపారు. వెంకటనారాయణ వీధి మలుపు తిరిగాడో లేదో, ఈయన "పిల్లల్ని కనలేనోడు నాకు ఇల్లు కట్టడం నేర్పుతున్నాడు" అన్నాడు.

అన్నాడు అని రాశాను. దిద్దను.

మామయ్య మంచం మీద నుంచి తలెత్తి, "ఆ మాట నీకెవరు చెప్పార్రా?" అన్నారు.

23 నవంబరు, ఆదివారం

వచ్చింది. కోటేశ్వరి కోసం వచ్చింది.

ఈయన లేరు. మామయ్య వసారాలో మంచం మీద ఉన్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. సన్నగా, పొట్టిగా ఒకావిడ గేటు దగ్గర నిలబడి, "షానవాజ్ బిల్డర్స్ ఇదేనాండి?" అంది. ఎవరని అడక్కుండానే తెలిసిపోయింది.

"నేను పర్చూరు నుంచొచ్చానండి. మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదు. మీరు కట్టిన ఇల్లొకటి చూడాలి. కోటేశ్వరి గారని, ఎరువుల కొట్టు వాళ్ళు. ఆమె మూడు వారాల నుంచి జవాబివ్వట్లేదు. ఆమెకేమన్నా అయిందేమోనని భయంగా ఉంది. పొద్దుట్నుంచి పేటలో ఎరువుల కొట్లన్నీ తిరిగానండి. నలుగురు కోటేశ్వరులు దొరికారు. ఒక్కరింట్లోనూ కంప్యూటర్ లేదు."

ఆమె ఇల్లు పగిలింది. ఆమె కోటేశ్వరికి ఏమైందోనని వెతుక్కుంటూ వచ్చింది.

"కోటేశ్వరా?" అన్నారు మామయ్య. "మేమా పేరుగలోళ్ళకి కట్టలేదే తల్లీ. అమ్మా నజ్మీన్, నీకేమన్నా తెలుసా?"

చేట కింద పెట్టాను. "నేనేనండి" అన్నాను.

"మీరేంటండీ?"

"కోటేశ్వరి నేనే. అలాంటి మనిషి లేదు. ఆ ఇల్లు లేదు. ఆ వంటిల్లు నేను ఊహించుకున్నది. ఇసుక కూడా అబద్ధమేనండి."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే తాగింది. మామయ్య లేచి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. ఆయన మొహం ఎలా మారిందో రాయడం నా వల్ల కాదు. కాసేపటికి ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళేదాకా ఆగి, ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఆ గుంటూరు కాగితం సంగతి. మీ ఆయన చదివారా?"

ఇంటి గురించి అడుగుతుందని సిద్ధపడి ఉన్నాను. దీనికి సిద్ధంగా లేను.

"చదవలేదు" అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు. నా దాకానే ఉంది."

ఆమె కళ్ళు మూసుకుంది. "అదొక్కటీ చాలు. ఇల్లు పోతే పోయింది. అది మగాళ్ళ నోట్లో పడి మా ఆయన చెవికి చేరితే ఆయన బతకరు" అంది. బస్టాండు దాకా వస్తానంటే వద్దంది.

ఒక అబద్ధం ఒప్పుకున్న నోటితోనే ఇంకో అబద్ధానికి ఒట్టు వేశాను. మధ్యలో ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేదు.

24 నవంబరు

మామయ్య నన్నేమీ అనలేదు. ఈయనతో మాత్రం అన్నారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేలరా. నీ బోర్డు దింపు. ఆ ఇంటి గచ్చంతా తీసి మళ్ళీ నేను పోయిస్తా. పునాది లోతు బాగానే ఉంది, గదుల కింద ఆ మట్టే గోడల్ని తోసేస్తంది."

"మోకాళ్ళతో ఏం చేస్తావు నాన్నా?"

"కుర్చీ వేసుకుని కూర్చుంటా. కళ్ళు బాగానే ఉన్నయ్యిగా."

కమ్యూనిటీ మూసేశాను. కోటేశ్వరిని కూడా తీసెయ్యమన్నారు ఈయన. తియ్యలేదు. ఎందుకో నాకూ తెలీదు.

1 డిసెంబరు

మామయ్య పర్చూరులోనే ఉంటున్నారు. ఇసుక దొరికింది. దొరక్కపోవడమేంటి.

6 డిసెంబరు

ఈయన కూడా వెళ్ళారు. నల్లమట్టి తట్టలు మోశారట. రాత్రికి వచ్చి భుజాలు చూపించారు. ఈ మధ్య భోజనాల దగ్గర మా ఇద్దరికీ మాటల్లేవు.

20 డిసెంబరు

కోటేశ్వరి పేజీకి మెసేజ్. ఈసారి పైన నా పేరు రాసింది.

"నజ్మీన్ గారూ, గదులన్నీ తవ్వేశారు. మీ మామగారూ మా అత్తయ్యా పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని, దిమ్మిస సరిగ్గా పడట్లేదని కూలీల మీద కలిసి అరుస్తున్నారు. మా అత్తయ్య చేతికి ఇంకా కట్టు ఉంది. మీ మీద నాకు కోపం పోలేదు. అయినా నాలుగింటికి బడి వదలగానే ఈ కుర్చీలోకే వస్తున్నాను. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ఆ కాగితం సంగతి మీ దాకానే ఉంచారు కాబట్టి నేను అక్కా అన్న మనిషి మీలో కొంచెమైనా ఉందనుకుంటున్నాను. ఇంకొక సంగతి ఉంది. చెప్పనా?"

చెప్పండి అని టైపు చేశాను. చెరిపేశాను.

21 డిసెంబరు

ఆమెకి నేను తప్ప ఎవరూ లేరు. నిజం చెబితే నేను కూడా ఉండను. చెప్పకపోతే జీవితాంతం ఆమె సంగతులు నా దగ్గర పోసుకుంటూనే ఉంటుంది. అందులో నాకు ఆశ కూడా ఉంది, దాచడమెందుకు. ఆమె అక్కా అనడం నాకు ఇష్టం. ఇంతవరకు నన్ను ఎవరూ అంత నమ్మలేదు.

ఆమె కోసమే చెప్పడం లేదు అనుకున్నాను ఇవాళంతా. ఆమె బాధపడుతుందని. అది కూడా అబద్ధమే. నాకు సిగ్గు. అంతే.

23 డిసెంబరు

పంపాను.

"చెప్పకండి. మా ఆయనకి తెలుసు. నేనే చదివి వినిపించాను, మొదటి రోజు నుంచి, అన్నీ. ఆ కాగితం సంగతి కూడా. ఆ రోజు ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మీ ఎదురుగా ఒట్టు వేసింది అబద్ధం. నజ్మీన్."

24 డిసెంబరు

నాలుగున్నరకి జవాబు వచ్చింది.

"ఎల్లుండి పాలు పొంగిస్తున్నాం. మీ మామగారికి బట్టలు పెడతాం, ఆయన్ని పంపండి. మీరిద్దరూ రావద్దు. మీ ఆయన నోటికి ఇక మీరే కాపలా. నాకు ఇంకెప్పుడూ రాయకండి."

ఈయన ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే చెప్పాను. మెసేజ్ చదవలేదు, నా మాటల్లోనే చెప్పాను. ఆ కాగితం మాట ఇంకొక్కసారి మీ నోట వింటే నేను ఈ ఇంట్లో ఉండనని చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. విన్నారో లేదో తెలియదు. రేపు కూడా చెబుతాను.

26 డిసెంబరు

మామయ్య నిన్న సాయంత్రం బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చారు. పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. గుండీలు పెట్టుకుంటూ అడిగారు.

"నువ్వు రావా అమ్మా? నీ స్నేహితురాలేగా."

"నన్ను పిలవలేదు మామయ్యా" అన్నాను.